చెవులతో చదివే నెట్టు

శాలిబండ గడియారం దగ్గర ఆటో దిగి, 'గౌలిపుర ఎటు?' అని అడిగి చూడండి. ఎవరూ మ్యాపు గీసి చేతికివ్వరు. 'సీదా పోండ్రి.. గుడొస్తది.. అది దాటినంక మూలమీద కిరాణం దుకాణం.. ఆడ మళ్ల అడగుండ్రి' అంటారు. అంతే! గుడి, మూల, దుకాణం. పాతబస్తీ గల్లీలన్నీ ఇలాంటి గుర్తుల మీదే నడుస్తాయి. గుర్తులు తెలిసినవాడికి కరెంటు పోయినా దారి తప్పదు. తెలియనివాడు పట్టపగలే తప్పిపోతాడు.

చూపులేనివాళ్లు ఇంటర్నెట్‌లో తిరిగేదీ అచ్చం ఇలాగే. సాఫ్ట్‌వేర్ వాళ్ల చెవిలో గుర్తులు చెబుతుంటుంది. వాళ్లు ఆ గుర్తులు పట్టుకుని ముందుకెళ్తారు. చిక్కంతా ఎక్కడంటే.. ఆ గుర్తులు పెట్టాల్సినవాళ్లు చాలాసార్లు మరచిపోతారు!

ఒక్క చూపు.. వంద మాటలు

ఈ పేజీనే తీసుకోండి. తిప్పగానే మీ కన్ను ముందు శీర్షిక మీద పడింది. తర్వాత పక్కనున్న బొమ్మ మీదికి, అటునుంచి ప్రకటన మీదికి వెళ్లింది. చదవాలో వద్దో తేల్చుకోవడానికి రెండు సెకన్లు కూడా పట్టి ఉండదు. కన్ను చేసే గొప్ప పని చదవడం కాదు, అక్కర్లేనిది వదిలేయడం.

చెవికి ఆ సౌకర్యం లేదు. మాటలు ఒకదాని వెనక ఒకటి రేషన్ క్యూలో వచ్చినట్టే రావాలి. కంప్యూటర్ తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. దీన్ని వాడేవాళ్లకు మౌస్‌తో పనిలేదు. బాణం ఎక్కడుందో కనపడనప్పుడు దాన్ని కదిపి ఏం లాభం? పనంతా కీబోర్డు మీదే.

గౌలిపురలో ఓ ఇంట్లో చూపులేని డిగ్రీ అమ్మాయి ఉందనుకుందాం. ఫలితాలు వచ్చాయని తెలిసి కంప్యూటర్ ముందు కూర్చుంది. పేజీ తెరుచుకుంది. 'హోమ్.. లింక్.. అబౌట్ అస్.. లింక్..' అంటూ గొంతు మొదలుపెట్టింది. ఆ తర్వాత పేరులేని బొమ్మ. దాని ఫైలు నంబరును అంకె అంకెగా చదివింది. ఆ తర్వాత వరుసగా పదిసార్లు 'ఇక్కడ క్లిక్ చేయండి'. దేనికోసం క్లిక్ చేయాలో ఒక్కటీ చెప్పదు. ఆమె ఇంకా సగం దారిలో ఉండగానే వెనక నిలబడ్డ తమ్ముడు తెరవైపు ఓ చూపు చూసి, 'అక్కా.. పాసైనవ్!' అని అరిచాడు.

ఇంట్లో అందరూ సంబరపడ్డారు. కానీ ఆమె మార్కులు ఆమెకన్నా ముందు ఇంకొకరు చూశారు. ఈసారి మార్కులు. రేపు బ్యాంకు ఖాతా, ఎల్లుండి డాక్టరు రిపోర్టు.. అన్నీ ఇంతేనా? అసలు ప్రశ్న ఇది.

దారి వేసినవాళ్లూ చూపులేనివాళ్లే

ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లలో చాలామందికి చూపు లేదు. జపాన్‌కు చెందిన చియెకో అసకవా పదకొండో ఏట ఈతకొలనులో దెబ్బ తగిలి, పద్నాలుగో ఏటికి పూర్తిగా చూపు పోగొట్టుకున్నారు. ఆమె ఐబీఎంలో చేరి, 1997లో 'హోమ్ పేజ్ రీడర్'ను తెచ్చారు. అందులో చిన్న చిట్కా ఉంది. మామూలు మాటలను మగగొంతు చదువుతుంది, లింకులను ఆడగొంతు చదువుతుంది. గొంతు మారిందంటే అక్కడ తలుపు ఉన్నట్టే! విడిగా 'లింక్' అని చెప్పే పనిలేదు.

మన పుణె కుర్రాడు టి.వి. రామన్‌ది అదే కథ. ఆయనకూ పద్నాలుగో ఏటే చూపు పోయింది. ముంబయి ఐఐటీలో చదివి, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేశారు. లెక్కల సమీకరణాలను చెవికి అర్థమయ్యేలా చదివే ప్రోగ్రామ్ రాసి, దానికి తనకు దారిచూపే కుక్క 'ఆస్టర్' పేరే పెట్టుకున్నారు. తర్వాత గూగుల్‌లో చేరారు. 2006లో ఆ సంస్థ ప్రయోగాత్మకంగా తెచ్చిన ఓ వెతుకులాట సదుపాయం వెనక ఉన్నది ఆయనే. చెవితో సులువుగా చదవగలిగే పేజీలను అది ముందు వరుసలో చూపించేది.

అయితే అప్పట్లో అందరినీ ఆపేసిన గోడ ధర. 1989లో మొదలైన 'జాస్' స్క్రీన్ రీడర్ ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. కానీ 2000ల్లో దాని ఖరీదు 900 డాలర్లకు అటూఇటూ. మన లెక్కలో నలభై వేల రూపాయలు! కంప్యూటర్ కన్నా దాన్ని చదివే గొంతుకే ఎక్కువ పెట్టాలన్నమాట. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడికి ఇది నచ్చలేదు. 2006లో తనే ఓ స్క్రీన్ రీడర్ రాయడం మొదలుపెట్టాడు. తనలాగే చూపులేని మిత్రుడు జేమ్స్ తే తోడయ్యాడు. అలా పుట్టిందే 'ఎన్‌వీడీఏ'. పైసా ఖర్చు లేదు. ఎవరైనా దించుకోవచ్చు, నేర్పు ఉంటే మెరుగుపరచవచ్చు.

ఇందులో హెచ్ మీట నొక్కితే పేజీలోని తర్వాతి శీర్షిక దగ్గరికి గెంతుతుంది. కె నొక్కితే తర్వాతి లింకు. డి నొక్కితే పేజీలోని ముఖ్యమైన భాగాలు. వాటిని ఇంగ్లిషులో 'ల్యాండ్‌మార్క్స్' అనే పిలుస్తారు. గుడి, మూల, దుకాణం.. గుర్తొచ్చాయా? అమెరికాలోని వెబ్‌ఎయిమ్ సంస్థ 2024లో వెల్లడించిన సర్వేలో స్క్రీన్ రీడర్ వాడేవాళ్లలో పదికి ఏడుగురు.. పెద్ద పేజీలో కావాల్సింది వెతకడానికి ముందుగా శీర్షికలే పట్టుకుంటామన్నారు.

పదిమందికి తెలిసింది ఒకచోట

మరి గుర్తులే లేని పేజీ వస్తే? గల్లీలో అయితే అరుగు మీద కూర్చున్న పెద్దాయన్ని అడుగుతాం. అసకవా బృందం 2008లో నెట్‌లో ఇలాంటి అరుగే వేసింది. దానిపేరు 'సోషల్ యాక్సెసిబిలిటీ'. చూపులేని మనిషికి ఏదైనా పేజీలో దారి దొరక్కపోతే ఫిర్యాదు పంపుతాడు. కళ్లున్న ఓ వలంటీరు ఆ పేజీ చూసి, ఈ బొమ్మ ఫలానాది, ఈ భాగం శీర్షిక అని వివరం రాస్తాడు. ఆ వివరాలన్నీ ఓ ఉమ్మడి ఖజానాలో చేరతాయి. తర్వాత అదే పేజీకి వచ్చే ప్రతి చూపులేని మనిషికీ ఆ గుర్తులు వినిపిస్తాయి. వెబ్‌సైటు యజమాని వేలు కూడా కదపక్కర్లేదు!

ఆ ప్రాజెక్టు ఇప్పుడు లేదు. ఆ ఆలోచన మాత్రం బతికే ఉంది. 2015లో డెన్మార్క్ నుంచి వచ్చిన 'బీ మై ఐస్'లో చూపులేనివాళ్లు ఫోన్ కెమెరా తెరిస్తే, ఎక్కడో ఉన్న వలంటీరు చూసి చెబుతాడు. 2023 నుంచి అందులో కృత్రిమ మేధ కూడా బొమ్మలను వర్ణిస్తోంది.

తెలుగుకు గొంతు లేని రోజులు

తెలుగువాళ్లకు మాత్రం ఇంకో తిప్పలుండేది. 2000ల్లో చాలా తెలుగు వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వాళ్లే వాడేవి. తెర మీద 'అమ్మ' అని చక్కగా కనిపించేది. లోపల దాచి ఉన్నది మాత్రం ఇంగ్లిషు అక్షరాలు, ఏవో చిహ్నాలు. కళ్లున్నవాళ్లకు తేడా తెలిసేది కాదు. స్క్రీన్ రీడర్ చదివేది లోపలున్నదాన్నే కదా.. పేజీ మొత్తం అర్థంలేని కూతలే! తెలుగులో పుట్టి పెరిగిన మనిషికి తెలుగు వార్తే అందేది కాదు.

1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికినా, సైట్లు దానికి మారడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా వెన్న నాగార్జున 'పద్మ' అనే పనిముట్టు తయారుచేశారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు దాన్ని జోడిస్తే పాత ఫాంట్లలోని తెలుగును యూనికోడ్‌లోకి మార్చేది. ఇక గొంతు సంగతి. 'ఈస్పీక్' తెలుగు పలికింది, మరమనిషి యాసలో! తర్వాత మద్రాసు ఐఐటీ ముందుండి నడిపిన ఉమ్మడి ప్రాజెక్టులో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా పాలుపంచుకుని, మన భాషలకు మరింత సహజమైన గొంతులు తయారుచేశాయి. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోనే తెలుగు చదివి పెడుతుంది.

గొంతు దొరికితే మనవాళ్లు ఎంతదూరం వెళ్లగలరో బొల్లా శ్రీకాంత్‌ను చూస్తే తెలుస్తుంది. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టి, హైదరాబాద్ దేవనార్ అంధుల పాఠశాలలో చదివారు. ఇంటర్‌లో సైన్సు చదవనివ్వమంటే కోర్టుకెక్కారు. పాఠాలను ఆడియోలో వింటూ ఇంటర్ గట్టెక్కి, అమెరికాలో ఎంఐటీ దాకా వెళ్లారు. తిరిగొచ్చి పరిశ్రమ పెట్టారు.

ఇంకా లేవని అడ్డుకర్రలు

అలాగని దారంతా సాఫీ అయిపోలేదు. వెబ్‌ఎయిమ్ సంస్థ 2025లో పది లక్షల హోమ్ పేజీలను పరీక్షిస్తే, నూటికి దాదాపు 95 పేజీల్లో ఏదో ఒక లోపం బయటపడింది. బొమ్మలకు వివరం లేకపోవడం, ఫారంలో ఏ గడిలో ఏం నింపాలో రాయకపోవడం.. ఇలాంటివే ఎక్కువ. వంకరటింకర అక్షరాలు చూసి టైపు చేయమనే క్యాప్చాలు సరేసరి. 'మీరు మనిషేనా?' అని అడిగి, చూపులేని మనిషిని గుమ్మం బయటే నిలబెడతాయి.

బ్యాంకు ఖాతా కోసం కెమెరా ముందు కళ్లార్పమనే నిబంధన మీద కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. వాళ్లలో యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివాళ్లు ఉన్నారు. 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పు చెప్పింది. డిజిటల్ సేవలను అందుకోవడం జీవించే హక్కులో భాగమేనంటూ ఇరవై ఆదేశాలిచ్చింది. మన దేశంలో 2011 జనగణన లెక్క ప్రకారమే చూపు సమస్య ఉన్నవాళ్లు 50 లక్షల మంది. ఇది ఎవరో కొందరి గొడవ కాదన్నమాట.

మరి మనమేం చేయొచ్చు? కాలనీ సంఘం నోటీసును ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టే బదులు నాలుగు వాక్యాలు టైపు చేయొచ్చు. పెళ్లి ఫొటో పంపితే కింద ఎవరెవరున్నారో ఓ ముక్క రాయొచ్చు. వెబ్‌సైటు తయారుచేసే పిల్లలు ఇంట్లో ఉంటే, ఓసారి మానిటర్ ఆపేసి ఎన్‌వీడీఏతో తమ పేజీని వినమనండి. పది నిమిషాల్లో తప్పులు వాళ్లకే తెలిసిపోతాయి. ఇంట్లో చూపు తగ్గిన పెద్దవాళ్లుంటే ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి 'టాక్‌బ్యాక్' నేర్పండి. మొదటి వారం చిరాకు పడతారు. ఆ తర్వాత ఫోన్ వదలరు!

గౌలిపుర అమ్మాయి దగ్గరికే వద్దాం. వచ్చే ఏడాది ఫలితాల పేజీకి శీర్షికలున్నాయనుకోండి, ప్రతి గడికీ పేరుందనుకోండి. ఆమె చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుంటుంది. రెండుసార్లు మీట నొక్కుతుంది. ఓ నిమిషం ఎవరికీ ఏమీ చెప్పకుండా తనలో తనే నవ్వుకుంటుంది. ఆ తర్వాత తమ్ముణ్ని తనే పిలిచి చెబుతుంది.. 'పాసైన్రా!' అని.