అమ్మని ఇంటికి వెల

ఇంటికి ఏడాదికి ఎంత అద్దె రాగలదో లెక్కగట్టి పన్ను వేయుట ఆంధ్రప్రదేశ్ పట్టణములలో చిరకాలము నడచిన పద్ధతి. 2020లో పురపాలక చట్టములు సవరింపబడినవి. 2021 ఏప్రిల్ 1 నుండి అద్దెకు మారుగా స్థలము, కట్టడముల మూలధన విలువయే పన్నునకు ఆధారమైనది. నివాసగృహములకు ఆ విలువలో నూరు రూపాయలకు 10 పైసలు మొదలు 50 పైసల వరకు రేటు. రాష్ట్రములకు అదనపు రుణము కావలెనన్నచో ఆస్తిపన్నును రిజిస్ట్రేషను విలువలతో ముడిపెట్టవలెనని 2020లో కేంద్రము పెట్టిన షరతు ఇందులకొక కారణము.

అద్దె ఏటేటా వచ్చు రాబడి; మూలధన విలువ ఇల్లు అమ్మిననాడే చేతికందును. వీధిలో అంగళ్లు వెలసి స్థలము ధర పెరిగినంత మాత్రమున, అక్కడ నివసించు విశ్రాంత ఉపాధ్యాయుని పింఛను పెరుగదు. పన్ను మాత్రము పెరుగును.

ఏటి పెంపు నూటికి 15 మించరాదన్న నియమము ఊరటయే. కాని ఏటేటా అంత పెరిగినచో, వేయి రూపాయల పన్ను ఐదేండ్లలో రెండువేలు దాటును. 375 చదరపుటడుగులు మించని సొంత నివాసమునకు ఏటికి 50 రూపాయలే అన్నారు. చట్టము ఇంటి కొలతను చూచినది. ఇంటివాని రాబడిని చూడలేదు.

నీరు, దీపములు, మురుగుకాలువలు పన్ను లేనిదే నడువవు. అయినను, తలదాచుకొనుటకే ఇల్లు గలవానికి రాబడినిబట్టి కొంత తగ్గింపు ఏర్పరచినగాని ఈ లెక్క న్యాయమనిపించుకొనదు.