క్లచ్ పట్టువిడుపులు

చాతాం జెట్టీలో బాంబూఫ్లాట్‌కు వాహనాలను చేరవేసే పడవ ఎక్కడం దక్షిణ అండమాన్ వాసులకు నిత్యకృత్యం. ముందు లారీ, పక్కన స్కూటరు, ఆపైన సముద్రం; ఆ ఇరుకులో మోటారుసైకిలును అంగుళం అంగుళంగా జరుపుకోవాలి. క్లచ్ లివరును పూర్తిగా నొక్కిపట్టినా బండి ముందుకు ఈడ్చుకుపోతూనే ఉంటే ప్రమాదం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. పాత బుల్లెట్టును విప్పి, ప్రతి భాగాన్నీ శుభ్రపరచి, తిరిగి బిగించుకున్న వారికి తరచుగా ఎదురయ్యే చిక్కు ఇదే. ఇంజను చక్కగా పలుకుతుంది, పెట్రోలు ట్యాంకు అద్దంలా మెరుస్తుంది. క్లచ్ మాత్రం మాట వినదు.

అటువంటప్పుడు ప్లేట్లన్నీ మార్చివేయాలన్న సలహా వెంటనే వినవస్తుంది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో ఆ సలహా ఖరీదైనది. చిన్న విడిభాగమైనా చెన్నై నుండో, విశాఖపట్నం నుండో, కలకత్తా నుండో సముద్రం దాటి రావాలి. తీరా వచ్చాక జబ్బు అది కాదని తేలితే సొమ్మూ కాలమూ రెండూ వృథా. కనుక రోగనిర్ధారణ ముందు, వైద్యం తరువాత.

1955లో మద్రాస్ మోటార్స్ భాగస్వామ్యంతో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా తిరువొత్తియూరులో బుల్లెట్టు తయారీకి పూనుకుంది. ఆ పాత బళ్లలో క్లచ్ నూనెలో తడుస్తూ పనిచేస్తుంది. ఉక్కు పళ్లేలు, రాపిడి పూత గల పళ్లేలు ఒకదాని తరువాత ఒకటిగా పేర్చి ఉంటాయి. స్ప్రింగులు వాటిని అదిమి ఉంచుతాయి. లివరు నొక్కితే ఒక సన్నని కడ్డీ ఆ ఒత్తిడిని సడలిస్తుంది. పట్టు ఉండాలి, విడుపూ ఉండాలి. పట్టు లోపిస్తే ఇంజను అరుస్తుంది గాని బండి ఎత్తు ఎక్కదు. విడుపు లోపిస్తే గేరు కరకరలాడుతుంది, న్యూట్రల్ చిక్కదు, బండి నిలిచిన చోట నిలవదు.

ఒక్క మర కూడా విప్పకుండా ఈ రెండింటినీ వేరుచేయవచ్చు. బండిని న్యూట్రల్‌లో ఉంచి, తాళం తీసివేసి, లివరు నొక్కిపట్టి కిక్కు తొక్కండి. కిక్కు తేలికగా దిగిపోతే పళ్లేలు విడివడినట్లు. ఇంజను కూడా తిరిగితే అవి అంటుకుని ఉన్నట్లు. ఇప్పుడు లివరు వదిలి తొక్కండి. ఇంజను కదలకుండా కిక్కు జారిపోతే పట్టు సన్నగిల్లినట్లు. అనుభవజ్ఞులైన మెకానిక్కులు ఉదయం బండి తీసేముందు లివరు నొక్కి నాలుగుసార్లు కిక్కు కొట్టడం వట్టి అలవాటు కాదు. రాత్రంతా నూనెతో అతుక్కున్న పళ్లేలను విడదీసే ఉపాయమది.

విడుపు లేదని తేలితే మొదట అనుమానించవలసినది కేబులును. హ్యాండిలు వద్ద అది మెలిక తిరిగి ఉన్నా, కొత్త తొడుగు ఒత్తిడికి నలుగుతున్నా చేతి బలమంతా దారిలోనే హరించుకుపోతుంది. పిమ్మట సర్దుబాటు. కేబులును పూర్తిగా వదులు చేసి, గేరుపెట్టె వైపున ఉన్న మరను కడ్డీకి తగిలేదాకా బిగించి, కొద్దిగా వెనక్కు తిప్పి నిలపాలి. కేబులు సంగతి ఆ తరువాతే. లివరు మొదట్లో రెండు మూడు మిల్లీమీటర్ల వదులు మిగలాలి. చాలామంది కేబులు బిగించడంతోనే సరిపెట్టుకుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

మూడవది నూనె. ఏటా సగటున సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ దీవులలో, నెలల తరబడి కదలని బండి చైన్‌కేసులోకి తేమ చేరుతుంది. బయటకు తీసిన నూనె మజ్జిగలా తెల్లబడి ఉంటే నీరు కలిసినట్లే. ఉక్కు పళ్లేలకు తుప్పు పట్టి ఉంటుందని అప్పుడే ఊహించవచ్చు. ఒరపిడిని తగ్గించే మందులు కలిపిన కారు నూనె పోస్తే ఇందుకు విరుద్ధంగా పట్టు పోతుంది. డబ్బాపై జాసో ఎంఏ అన్న గుర్తు ఉన్న నూనె తడి క్లచ్‌కు పనికివస్తుంది.

ఇవన్నీ సరిగా ఉన్నప్పుడే మూత విప్పాలి. తుప్పు పైపైన ఉంటే సన్నని గరుకు కాగితంతో పోతుంది. పళ్లేన్ని గాజు పలకపై పెట్టి చూస్తే వంకర తెలిసిపోతుంది. స్ప్రింగులను పక్కపక్కన నిలబెట్టి ఎత్తు పోల్చండి. ఒకటి పొట్టిదైనా పళ్లెం ఏటవాలుగా లేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, తరచుగా ఎవరూ చూడనిది, డ్రమ్ము. పళ్లేల చెవులు ఏళ్ల తరబడి కొట్టుకుని దాని గాళ్ల అంచులలో నొక్కులు పెడతాయి. పళ్లేలు ఆ నొక్కులలో చిక్కుకుంటే కొత్త ప్లేట్లు వేసినా విడుపు రాదు. నొక్కులు లోతు తక్కువైతే ఆకురాయితో చదును చేయవచ్చు. లోతుగా ఉంటే అరగదీసిన కొద్దీ వదులు పెరుగుతుంది. అప్పుడు మాత్రం ఓడ మీద కొత్త డ్రమ్ము తెప్పించుకోవడం తప్పదు.

చైన్‌కేసు మూతను పట్టి ఉంచేది మధ్యనున్న ఒకే ఒక నట్టు. కారుతోందని దానిని మితిమీరి బిగిస్తారు కొందరు. మూత వంగి మరింత కారుతుంది. రబ్బరు చుట్టు కొత్తది వేసి, నూనె సరైన మట్టానికి పోసి, మరునాటి ఉదయం బండి కింద నేల చూసుకోండి.