వైఫై రాకపోతే ఫార్మాట్ ఎందుకు కొడతారు?

కంప్యూటర్లో వైఫై రావట్లేదని షాపుకి తీసుకెళ్ళండి. మా సింహాచలం కావచ్చు, గోపాలపట్నం కావచ్చు, ఎన్ఏడీ దగ్గర కావచ్చు.. నూటికి తొంభై సార్లు ఒకటే మాట. "ఓయస్ పోయింది సార్, ఫార్మాట్ కొట్టేయాలి". సాఫ్ట్‌వేర్ రాసుకుని బతుకుతున్నవాడిగా సూటిగానే చెప్తున్నా. ఇళ్ళల్లో వచ్చే వైర్‌లెస్ అడాప్టర్ గొడవల్లో ఫార్మాటు నిజంగా అవసరమయ్యేవి బహు తక్కువ. వైరస్ పట్టి మొత్తం కుళ్ళిపోయిన కేసుల్ని పక్కన పెట్టండి. మిగతా అన్నిట్లో ఫార్మాటు అంటే "అసలేం పోయిందో నేను చూళ్ళేదు" అని మర్యాదగా చెప్పడమే.

అడవివరంలో నాకు తెలిసిన మాస్టారొకాయన కంప్యూటరు ఇలాగే ఫార్మాటై ఇంటికొచ్చింది. వైఫై భేషుగ్గా వస్తోంది. మనవరాలి అన్నప్రాసన నుంచి, ఇంటిల్లిపాదీ కొండెక్కి చందనోత్సవం చూసొచ్చినప్పటి దాకా తీసిన ఫొటోలన్నీ డెస్క్‌టాప్ మీద ఫోల్డర్లో ఉండేవి. అవి లేవు. "మళ్ళీ వస్తాయేటి బాబూ?" అని ఫోను చేశారు. పాతకాలం హార్డ్ డిస్కయితే రికవరీ సాఫ్ట్‌వేరుతో కొంతైనా లాగే ఆశ ఉండేది. ఆయనది ఎస్ఎస్‌డీ. ఫార్మాట్ కొట్టగానే "ఈ జాగాతో ఇక పనిలేదు" అని విండోస్ దానికి చెప్పేస్తుంది, అదేమో బుద్ధిగా తుడిచేసుకుంటుంది. దీన్నే ట్రిమ్ అంటారు. ఇంక ఏం లాగుతాం?

"అయినా వైఫై వచ్చింది కదా!" అంటాడు షాపతను. వస్తుంది నాయనా, ఎందుకు రాదు! ఫార్మాట్ చేసినప్పుడు మెషీను పూర్తిగా రీస్టార్ట్ అయింది, డ్రైవరు కొత్తగా పడింది. రోగం కుదిర్చింది ఆ రెండే. ఆ రెండూ ఫొటోలు ముట్టుకోకుండా పది నిమిషాల్లో చెయ్యొచ్చు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెడితే ఎలుకా చస్తుంది, నిజమే.

రీస్టార్టు మాట చాలామంది నమ్మరు. "రోజూ ఆపుతూనే ఉన్నాం కదండీ" అంటారు. 2012లో విండోస్ 8 వచ్చిన దగ్గర్నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనేదొకటి ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా డ్రైవర్ల స్థితిని డిస్కులో దాచుకుని, మర్నాడు అదే తీసి పెట్టుకుంటుంది. నిన్నటి జబ్బు ఇవాళ కూడా! రీస్టార్ట్ నొక్కితేనే అన్నీ మొదట్నుంచీ లేస్తాయి. షట్‌డౌను కన్నా రీస్టార్టే పెద్ద స్నానం అన్నమాట. (ఈ ముక్క పెట్టె మీద రాసి అంటించొచ్చు.)

దానికీ లొంగకపోతే డివైస్ మేనేజర్ తెరవాలి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే కనబడుతుంది. నెట్‌వర్క్ అడాప్టర్ల కింద మన వైర్‌లెస్‌ది ఉందా? పసుపు త్రికోణం ఉందా? దాని ప్రాపర్టీస్‌లో ఒక కోడ్ రాసి ఉంటుంది. 22 అంటే ఎవరో డిసేబుల్ చేశారు. 28 అంటే డ్రైవరే పడలేదు. 10 అంటే పరికరం లేవలేకపోతోంది. జాబితాలోనే లేకపోతే పోర్టో, కార్డో, బయోస్‌లో ఆపేసి ఉండటమో చూడాలి. ఇంత స్పష్టంగా మెషీనే నోరు తెరిచి చెప్తుంటే, అది వినకుండా ఫార్మాట్ పెన్‌డ్రైవ్ గుచ్చేవాణ్ణి ఏమనాలి?

"డ్రైవర్ దించుకోడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి డ్రైవర్ కావాలి" అన్నది ఇంకో బెదిరింపు. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను దేనికి? ఛార్జింగ్ కేబులుతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే కంప్యూటరుకి అది వైరు కనెక్షన్లా కనబడుతుంది. వైఫై డ్రైవర్ అక్కర్లేదు.

ఏ డ్రైవరు అన్నదగ్గర మాత్రం కంపెనీలని కూడా తిట్టాలి. పెట్టె మీద పేరొకటే, లోపల చిప్పు వేరు. టీపీ-లింక్ వారి డబ్ల్యూఎన్ 722ఎన్ అనే యూఎస్‌బీ అడాప్టర్ మొదటి వెర్షన్లో ఎథరోస్ చిప్పు ఉండేది, రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్. పేరు చూసి డ్రైవర్ దించితే అంతే సంగతులు. మన అప్పన్న నిజరూపం ఏడాదికి ఒక్కరోజే కనబడుతుంది గానీ చిప్పు నిజరూపం మాత్రం రోజూ చూడొచ్చు. అదే ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కి వెళ్ళి హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే వీఐడీ, పీఐడీ అని అంకెలుంటాయి. వాటిని బట్టి వెతకాలి, స్టిక్కర్ని బట్టి కాదు.

ఇంకొన్ని కేసుల్లో ఫార్మాట్ వందసార్లు కొట్టినా లాభం లేదు. కొత్త ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నాక ఫోన్లకి వస్తోంది, పాత కంప్యూటరుకి నెట్‌వర్క్ పేరే కనబట్లేదు అంటారు. ఆ పేరు 5 గిగాహెర్ట్జ్‌ది అయ్యుంటుంది, పాత అడాప్టరుకి 2.4 తప్ప తెలీదు. ఫార్మాట్ చేస్తే కొత్త రేడియో మొలుస్తుందా? రౌటర్లో 2.4 ఆన్ చేస్తే సరి. అలాగే 2023 డిసెంబరులో విండోస్ 11 అప్డేట్ ఒకటి కొన్ని నెట్‌వర్కులకి, ముఖ్యంగా కాలేజీలూ ఆఫీసులవాటికి, వైఫై కలవకుండా చేసింది. మైక్రోసాఫ్టే ఒప్పుకుని ఆ నెలలోనే ఆ మార్పుని వెనక్కి తీసుకుంది. అప్పుడు ఫార్మాట్ చేసి బుద్ధిగా అప్డేట్లన్నీ వేసుకున్నవాడికి అదే జబ్బు తిరిగొచ్చేది.

షాపువాళ్ళ వైపు న్యాయం కొంచెం లేకపోలేదు. పది నిమిషాలు చూసి "సర్వీసు ఆగింది, ఆన్ చేశాను, రెండొందలివ్వండి" అంటే మనం ఇస్తామా? "బటన్ నొక్కినందుకా!" అని దెబ్బలాడతాం. అదే ఒకరోజు ఉంచుకుని ఫార్మాట్ కొడితే కిక్కురుమనకుండా ఇచ్చేస్తాం. తెలివికి డబ్బులివ్వని వాళ్ళం, ఫొటోలు పోగొట్టినందుకు ఇచ్చాం! ఆ రెండొందలేవో చూసినందుకే ఇవ్వండి, కానీ "కోడ్ ఎంత వచ్చింది, చిప్పు ఏంటి, ఫోను అదే రౌటరుకి కలుస్తోందా" అని అడగండి. జవాబు లేకపోతే కంప్యూటరు చంకన పెట్టుకుని వచ్చెయ్యండి.

ఎలాగూ వాడికే ఇస్తామంటారా? బయల్దేరే ముందు ఫొటోల ఫోల్డర్ని ఓ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. దానికి వైఫై అక్కర్లేదు కదా!