బూడిద ఇటుకల యంత్రానికి అరగంట విశ్రాంతి నష్టమా?

పెద్దపల్లి: రామగుండం ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం బూడిద ఇటుకలుగా మారి జిల్లాలో ఇళ్ల గోడలకు చేరుతోంది. థర్మల్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపు ఇటుకల తయారీలో బూడిద కలపాలని కేంద్ర ప్రభుత్వం 1999 సెప్టెంబరు 14న ఉత్తర్వు ఇచ్చింది. పొలాల పైమట్టిని కాపాడటం దాని ఉద్దేశాల్లో ఒకటి. 2021 డిసెంబరు 31 నాటి ఉత్తర్వు, బూడిద మొత్తాన్ని వినియోగంలోకి తేవలసిన బాధ్యతను విద్యుత్ కేంద్రాలపై పెట్టింది. ఇక 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద 5 లక్షల రూపాయలతో ఇల్లు కట్టుకునే పేద కుటుంబానికి ప్రతి ఇటుకా లెక్కే. బూడిద ఉంది, గిరాకీ ఉంది. ఈ రెంటి నడుమ నడిచే యంత్రం బాగోగులను మాత్రం అడిగేవారు తక్కువ.

పెద్దపల్లి ప్రాంతానికి మట్టి ఇటుక బట్టీలు కొత్త కావు. ఒడిశా నుంచి వచ్చే కూలీలు అక్కడ చేతితో ఇటుక కోస్తారు. ఆ ఇటుక గట్టిదనం మట్టిని బట్టి, కాల్పును బట్టి ఉంటుంది. బూడిద ఇటుకకు కాల్పు లేదు. బూడిద, ఇసుక లేదా క్రషర్ పొడి, సిమెంటు లేదా సున్నం, జిప్సం కలిపి, అచ్చులో నొక్కి, ఆ తర్వాత రోజుల తరబడి నీళ్లు పడతారు. పాళ్లు సరిగా వేసినా, కలపడంలోనో నొక్కడంలోనో లోపం వస్తే ఇటుక నిలవదు. ఆ రెండూ యంత్రం పనులే.

అరుగుదల ఎక్కడ?

బూడిద చేతికి మెత్తగా తగిలినా ఇనుమును అరగదీస్తుంది. ఇసుక, క్రషర్ పొడి తోడైతే అరుగుదల మరింత వేగం. ముందుగా దెబ్బతినేవి మిక్సర్ బ్లేడ్లు, అడుగున ఉండే ప్లేట్లు. వాటి మధ్య సందు పెరిగితే కొంత సరుకు కలవకుండా అడుగునే ఉండిపోతుంది. అప్పుడు ఒక ఇటుకలో సిమెంటు ఎక్కువ, మరో ఇటుకలో తక్కువ. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. సాయంత్రం మిక్సర్ కడగకుండా వదిలేస్తే మిగిలిన సరుకు రాయిలా బిగుసుకుని, మర్నాడు బ్లేడ్ల మీద, మోటారు మీద భారం వేస్తుంది.

రెండోది హైడ్రాలిక్ ప్రెస్. నూనెలో దుమ్ము పడినా, ఆయిల్ సీలు కారినా ఒత్తిడి తగ్గుతుంది. ఇటుక బయటికి వస్తుంది గాని లోపల గుల్లగా ఉంటుంది. మూడోది అచ్చు. అది అరిగితే ఇటుకల కొలతలు మారుతాయి. ఎగుడు దిగుడు ఇటుకలను సరిచేయడానికి మేస్త్రీ ఎక్కువ సిమెంటు వాడక తప్పదు. ఆ ఖర్చు ఇల్లు కట్టుకునేవారి మీదే పడుతుంది.

లెక్క తప్పు ఎక్కడ?

వెయ్యి ఇటుకలకు ఇంత అని కూలి కట్టే చోట యంత్రం ఆగితే యజమానికీ, కూలీకీ ఇద్దరికీ నష్టమే అనిపిస్తుంది. ఉదాహరణకు గంటకు వెయ్యి ఇటుకలు తీసే యంత్రం 8 గంటలు నడిస్తే 8 వేలు వస్తాయి. రోజూ అరగంట ఆపి కడిగి, బోల్టులు బిగించి, బేరింగులకు గ్రీజు పెడితే 500 తగ్గుతాయి. ఆ అరగంట మిగుల్చుకోబోయి నూటికి ఏడు ఇటుకలు విరిగినా పోయేవి 560. బేరింగు పట్టేసి పని ఆగితే మెకానిక్ వచ్చేదాకా ఉన్న కూలి కూడా పోతుంది. నిర్వహణకు పట్టే సమయానికి విడిగా కూలి కట్టి ఇస్తేనే కూలీ యంత్రం ఆపడానికి వెనుకాడడు.

ప్రమాదం అక్కడే

అసలు మూల్యం ఇటుకల్లో లేదు. నడుస్తున్న మిక్సర్‌లో పారతోనో చేతితోనో సరుకు గీకడం, ప్రెస్ పైకి లేచిన క్షణంలో అచ్చు తుడవడం వేళ్లకూ చేతులకూ ముప్పు. కదిలే యంత్రం దగ్గర పరీక్ష, నూనె వేయడం వంటి పనులు శిక్షణ పొంది, ఒంటికి అంటిన దుస్తులు వేసుకున్నవారే చేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌లోనే ఉండేది. వేలాడే తువ్వాలు, చీర కొంగు బెల్టుకు చిక్కితే మనిషినే లాగేస్తాయి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో, కరెంటుతో నడిచే చోట 20 మంది పనివారు ఉంటేనే ఫ్యాక్టరీ అన్నారు. పాత చట్టంలో ఆ సంఖ్య 10. చిన్న యూనిట్లలో యజమాని జాగ్రత్తే ముఖ్య రక్షణ అవుతోంది.

ఆ జాగ్రత్తకు పెద్ద ఖర్చు లేదు. మెయిన్ స్విచ్ కట్టి, ఫ్యూజులు తీసి శుభ్రం చేసే మనిషి జేబులోనే ఉంచాలి. లేదా స్విచ్‌కు తాళం వేసి తాళంచెవి అతనికే ఇవ్వాలి. ప్రెస్ కింద చేయి పెట్టే ముందు అది దిగకుండా గట్టి ఆధారం పెట్టాలి. బెల్టులకు, పుల్లీలకు జాలీ తప్పనిసరి.

కొనేవారు చూడవలసినవి

రెండు ఇటుకలు ఒకదానితో ఒకటి తట్టితే ఖంగుమనాలి. మూడడుగుల ఎత్తు నుంచి నేల మీద వేస్తే పగలరాదు. బాగా ఆరిన ఇటుకను తూచి, 24 గంటలు నీటిలో నానబెట్టి మళ్లీ తూచాలి. భారత ప్రమాణాల ప్రకారం సాధారణ రకం ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చరాదు. అంటే 3 కిలోల ఇటుక 3 కిలోల 600 గ్రాములు దాటరాదు. ఒక్క ఇటుకతో సరిపెట్టక లోడులో వేర్వేరు చోట్ల నుంచి తీసి చూడాలి.

ప్రతి యూనిట్‌లో రోజువారీ నిర్వహణ పుస్తకం ఉండేలా జిల్లా పరిశ్రమల కేంద్రం చూడవచ్చు. ఐటీఐలలో ఫిట్టర్ పని నేర్చిన యువకులను నాలుగైదు యూనిట్లు కలిసి పెట్టుకుంటే వారికి ఉపాధి, యంత్రాలకు ఆయుష్షు. ఇళ్లను పరిశీలించే ఇంజనీర్లు గోడతో పాటు ఇటుక వచ్చిన చోటును కూడా ఒకసారి చూడటం అవసరం. ఆగి శుభ్రపడే యంత్రం నుంచే గట్టి ఇటుక వస్తుంది. దాని దగ్గర పనిచేసే మనిషి సాయంత్రం పది వేళ్లతో ఇంటికి వెళ్తాడు.