కన్నీళ్లు సరే, కారణాలేవీ?

సంపాదకులకు,

చరిత్ర పిల్లల మనసుకెక్కాలంటే తరగతిలో సినిమాలు వేయాలన్న మీ గత సంచిక వ్యాసం ఒప్పుకోదగ్గది కాదు. ‘ఆర్‌ఆర్‌ఆర్‌’ చూసిన పిల్లాడు అల్లూరి, కొమురం భీం ప్రాణస్నేహితులని పరీక్షలో రాస్తే మార్కులేస్తారా? అల్లూరిని బ్రిటిష్‌వాళ్లు 1924లో కాల్చి చంపారు. భీం 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. ఇద్దరూ కలిసినట్టు ఆధారం లేదు. కథ కల్పితమని దర్శకుడే చెప్పాడు కాబట్టి ఆయన్ని అనేదేం లేదు.

పిల్లల్ని కదిలించేది భీం ఎందుకు తిరగబడ్డాడన్నది. తాతలు పోడు కొట్టుకున్న నేల సర్కారు అడవి అయింది, పశువుల మేతకూ పన్ను కట్టమన్నారు. ‘మీ చేను చుట్టూ రేపు ఎవరో కంచె వేస్తే మీ నాన్న ఏం చేస్తాడు?’ అని అడిగి చూడండి, చివరి బెంచీవాడూ నోరు విప్పుతాడు.

ఆ తిరుగుబాటు తర్వాతే నిజాం ప్రభుత్వం భీం తెగవాళ్లైన గోండుల బాధలు తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన చొరవతో మార్లవాయి గ్రామంలో గోండీ భాషలో చదువు మొదలైంది. ఈ ముక్క ‘ఆర్‌ఆర్‌ఆర్‌’ తెర మీద కనబడదు.

జోడేఘాట్‌లో భీం మ్యూజియం ఉంది. ప్రొజెక్టర్‌కు పెట్టే డబ్బు బస్సుకు పెట్టండి.

– ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, ఆసిఫాబాద్