తెలుపు ఎవరి కోసం?

పెళ్ళి పది రోజులుందనగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బ్యూటీ పార్లర్లలో వినపడే మాట ఒకటే: ‘అక్కా, పిల్లను జర తెల్లగ చెయ్యి.’ మా అమ్మాయి పెళ్ళికి నేనూ అన్నదాన్నే. అద్దంలో దాని మొహం చిన్నబోవడం చూసి సిగ్గుపడ్డాను.

తమాషా చూడండి! ఇంగ్లండులో ఎందరో పెళ్ళికూతుళ్ళు ఒకటి రెండు రోజుల ముందు లోషన్ పూసుకుని గోధుమరంగుకి మారతారు. వారం పది రోజుల్లో అది కాస్తా వెలిసిపోతుంది. వాళ్ళు కొనుక్కునే రంగు మనకు పుట్టుకతో వచ్చింది.

నలుగు పెట్టుకోండి, ముచ్చటే. బ్లీచ్ అయినా, కొత్త క్రీమైనా ముందు చెవి వెనక కాస్త రాసి రెండ్రోజులు ఆగండి. పెళ్ళి వారంలో ప్రయోగాలొద్దు. తెల్లబడతారని ఎవరో చెప్పిన ట్యూబులో స్టెరాయిడ్ ఉండొచ్చు. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, మొటిమలొస్తాయి. అలాంటి క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో ప్రభుత్వం కట్టడి చేసింది. ఇప్పటికే వాడుతుంటే చర్మవ్యాధుల డాక్టరుని అడిగే మానండి.

1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీయే 2020లో పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసింది. ‘పిల్ల చామనఛాయ’ అంటూ గొంతు తగ్గించడం మనమింకా మానలేదు. అమ్మలూ, ముందు మనమే మానేద్దామా?