విమానం ఎక్కకముందే అండగా నిలుద్దాం: శంషాబాద్ వాసులకు, హైదరాబాద్ మిత్రులకు విజ్ఞప్తి



2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి మన బతుకులు దానితో ముడిపడ్డాయి. కొందరి పొలాలు దాని కిందికి పోయాయి. కొందరికి అందులోనే కొలువు దొరికింది. టాక్సీ నడిపేవాళ్లు, హోటలు పెట్టుకున్నవాళ్లు, గదులు అద్దెకిచ్చేవాళ్లు, కార్గోలో మూటలు మోసేవాళ్లు ఎందరో ఈ విమానాశ్రయం మీదే ఆధారపడి ఉన్నారు. అయితే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఆర్మూర్, కామారెడ్డి, నిర్మల్ వైపు పల్లెలకు ఇది దుబాయి గడప. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ వలస గోసను మూడు ముక్కల్లో చెప్పుకున్నాం. ఆ మూడోదానికి పోయే దారి మన ఇంటి ముందు నుంచే పోతోంది.

గల్ఫ్ దేశాల్లో దాదాపు 90 లక్షల మంది భారతీయులు ఉన్నారు. వాళ్లలో మన తెలుగువాళ్లు లక్షల్లో ఉంటారు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయిన ఆడబిడ్డలూ వాళ్లలో ఉన్నారు. నాలుగు రాళ్లు సంపాదించి అప్పు తీర్చి ఇల్లు కట్టుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు, అది కాదనలేం. మోసపోయినవాళ్లు, జీతం రాక చిక్కుకున్నవాళ్లు, పెట్టెలో తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. ఈ విజ్ఞప్తి వాళ్ల కోసం, వాళ్ల వెంట నిలబడ్డ కొద్దిమంది కోసం.

ముందు ఆ కొద్దిమంది గురించి చెప్పాలి. గల్ఫ్‌లో ఎవరికైనా ఆపద వచ్చిందంటే ఊళ్లో మొదట మోగేది వీళ్ల ఫోనే. ఎమిగ్రెంట్స్ వెల్ఫేర్ ఫోరం మంద భీంరెడ్డి, ప్రవాసీ మిత్ర లేబర్ యూనియన్ స్వదేశ్ పరికిపండ్ల, గల్ఫ్ తెలంగాణ వెల్ఫేర్ అండ్ కల్చరల్ అసోసియేషన్ పాట్కూరి బసంత్ రెడ్డి లాంటి వాళ్ల పేర్లు పేపర్లలో కనిపిస్తుంటాయి. వాళ్ల వెనక పేపర్లో పేరు రానివాళ్లు మండలానికి కొందరున్నారు. వాళ్లలో చాలామంది తాము గల్ఫ్ పోయి వచ్చినవాళ్లే, కాకుంటే ఇంట్లో ఒకరిని పంపినవాళ్లు. గల్ఫ్‌లో పగలంతా పనిచేసి సెలవు రోజున లేబర్ క్యాంపులకు, ఆసుపత్రులకు, మార్చురీలకు తిరిగే తెలుగువాళ్లూ ఈ కూటమిలో భాగమే. ఈ సంఘాలన్నీ కలిసి గల్ఫ్ జేఏసీగా ఎన్నోసార్లు ఒక్క గొంతుతో మాట్లాడాయి.

వీళ్లు చేసే పని ఎంత ఓపికతో కూడిందో చాలామందికి తెలియదు. ఎడారి దేశంలో ఒక మనిషి కన్నుమూస్తే శవం మర్నాటికి ఊరు చేరదు. అక్కడి పోలీసు, ఆసుపత్రి కాగితాలు తేలాలి. యజమాని వీసా రద్దు చేయాలి, రావలసిన జీతం లెక్క తేల్చాలి. ఇక్కడినుంచి కుటుంబం పవర్ ఆఫ్ అటార్నీ పంపాల్సి రావచ్చు. మన రాయబార కార్యాలయం నిరభ్యంతర పత్రం ఇవ్వాలి, పాస్‌పోర్టు రద్దు చేయాలి. శవం చెడకుండా ఎంబామింగ్ చేసిన ధ్రువపత్రం కావాలి. ఇన్ని అయ్యాకే పెట్టె శంషాబాద్ కార్గో టెర్మినల్‌కు వస్తుంది. ఇక్కడ మళ్లీ ఆరోగ్య అధికారి, కస్టమ్స్ అనుమతులు. ఈ దారిలో ఏ ఒక్క కాగితం ఆగినా తల్లి కళ్లు కాయలు కాసేలా ఎదురుచూడాల్సిందే. బడి మెట్లయినా ఎక్కని తల్లికి ఏ ఆఫీసులో ఏం అడగాలో చెప్పేది ఈ సంఘాల వాళ్లే. విమానాశ్రయం నుంచి ఊరిదాకా శవాన్ని ఉచిత అంబులెన్సులో చేర్చే ఏర్పాటు తెలంగాణలో ప్రభుత్వ ఎన్నారై విభాగం ద్వారా ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎన్ఆర్‌టీఎస్ ద్వారా ఉంది. ఆ సంగతి తెలియక, దుఃఖంలో ఉన్న కుటుంబం బేరమాడి ప్రైవేటు బండి కట్టుకుంటే అది మన ఊరికి తలవంపు.

ఇలాంటి ఏర్పాట్లు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. 2020 సెప్టెంబర్‌లో, కరోనాతో జనం కూలబడి ఉన్నప్పుడు, గల్ఫ్ దేశాలకు పోయే మన కార్మికుల కనీస రిఫరల్ వేతనాలను కేంద్రం తగ్గించింది. ఖతర్, యూఏఈ, ఒమన్, బహ్రెయిన్‌లకు అది నెలకు 200 డాలర్లకు దిగింది. అంటే అంతకు తక్కువ కాకుండా ఎంతిచ్చినా చాలని మనమే అక్కడి యజమానికి చెప్పినట్టు. గల్ఫ్ సంఘాల నాయకులు తెలంగాణ హైకోర్టుకెక్కారు, ధర్నాలు చేశారు, ఎంపీల వెంటపడ్డారు. 2021 జూలైలో కేంద్రం పాత వేతనాలనే మళ్లీ పెట్టింది. ఢిల్లీలో వెలువడ్డ ఉత్తరువును పల్లెల్లోని గల్ఫ్ సంఘాలు వెనక్కి మళ్లించిన సందర్భం అది. దాని గురించి మనం చెప్పుకున్నది చాలా తక్కువ.

బీమా సంగతీ అంతే. పదో తరగతి పాసు కాని కార్మికుడు ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో పోతే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు కడితే ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. చిక్కంతా ప్రమాదం అన్న షరతులోనే ఉంది. ఎండలో పనిచేసి గదికొచ్చి పడుకున్న మనిషి నిద్రలోనే గుండె ఆగి పోతే ఆ పది లక్షలు రావు. అలాంటి చావులు ఎన్నో. అందుకే ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి పరిహారం ఇవ్వాలని సంఘాలు ఏళ్ల తరబడి అడిగాయి. 2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో గల్ఫ్ కార్మిక నాయకులు స్వయంగా బరిలోకి దిగారు. గెలవలేదు, కానీ గల్ఫ్ మాట ఎత్తకుండా ఉత్తర తెలంగాణలో ఓటడగలేని స్థితి తెచ్చారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించి, 2023 డిసెంబర్ 7 నుంచి జరిగిన మరణాలకు వర్తింపజేసింది. కార్మికుల పిల్లలకు గురుకులాల్లో ప్రవేశానికి ప్రాధాన్యం ఇస్తామంది. అదే ఏడాది సెప్టెంబర్ 27న హైదరాబాద్ ప్రజాభవన్‌లో గల్ఫ్ కుటుంబాల ఫిర్యాదులు వినే ప్రవాసీ ప్రజావాణి మొదలైంది.

ఓపిక అన్న మాటకు ఇంకో రుజువు కావాలంటే సిరిసిల్ల జిల్లా నుంచి దుబాయి పోయి ఒక హత్య కేసులో జైలుపాలైన ఐదుగురిని తలచుకోండి. దాదాపు పద్దెనిమిదేళ్ల తర్వాత గానీ వాళ్లు ఇంటికి చేరలేదు. ఒక్కో విన్నపం, ఒక్కో అప్పీలు, చనిపోయిన వ్యక్తి కుటుంబంతో రాజీ, ప్రభుత్వాలకు పదేపదే వినతులు. ఎవరో ఒకరు మరచిపోకుండా పట్టుకుని ఉండకపోతే ఆ ఫైలు ఎప్పుడో దుమ్ము పట్టేది.

ఇంతా చెప్పాక అసలు విషయానికొస్తాను. గల్ఫ్ కార్మికుడి కష్టాల్లో చాలావాటికి పునాది ఇక్కడే పడుతోంది. ఏజెంటు మాట నమ్మి విజిట్ వీసా మీద విమానం ఎక్కినవాడికి ఎమిగ్రేషన్ క్లియరెన్సు లేదు, బీమా లేదు, చేతిలో ఉద్యోగ ఒప్పందం లేదు. వీసా గడువు దాటిందా, రేపటి నుంచి అతను ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేని మనిషి. దొరికిన పని చేయాలి, ఇచ్చిన కూలి తీసుకోవాలి, పోలీసును చూస్తే దాక్కోవాలి. తిరిగి రావాలంటే మన రాయబార కార్యాలయం ఇచ్చే ఔట్‌పాస్ కావాలి, జరిమానా కట్టాలి, లేదంటే ఆ దేశం క్షమాభిక్ష ప్రకటించేదాకా ఆగాలి. కువైట్ 2018లో, యూఏఈ 2018లోనూ 2024లోనూ అలా క్షమాభిక్ష పెట్టినప్పుడు మనవాళ్లు వరసలు కట్టారు, సంఘాల వాళ్లు దగ్గరుండి కాగితాలు నింపారు. జరిగిపోయాక సరిదిద్దడానికి ఏళ్లు పడుతోంది. పోకముందు సరిచూడటానికి ఒక పూట చాలు. ఈ ఒక్క పూట పని పంచుకోమనే నా విజ్ఞప్తి.

పోతున్నవాళ్లకు, పంపుతున్న ఇంటివాళ్లకు: ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్‌లో చూడండి. లైసెన్సు లేకుండా మనుషుల్ని విదేశాలకు పంపడం 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం నేరం. లైసెన్సు ఉన్నవాడైనా సేవా రుసుం 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్షలు అడిగాడంటే ఆగి ఆలోచించండి. విజిట్ వీసా మీద పోయి పని చూసుకోవచ్చంటే ఒప్పుకోకండి. ఒప్పందంలో జీతం, పని, గంటలు ఏం రాశారో తెలిసినవాళ్లతో చదివించుకోండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా కాగితాల నకళ్లు ఇంట్లో ఒక సెట్టు ఉంచండి. పదో తరగతి పాసైనవాళ్లకు క్లియరెన్సు అక్కర్లేదు కాబట్టి బీమా కూడా అక్కర్లేదనుకోకండి, అడిగి చేయించుకోండి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ ప్రభుత్వ సంస్థలే, మొదట అక్కడ విచారించండి. ఏ అనుమానమున్నా విదేశాంగ శాఖ టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090కు ఫోన్ చేయండి.

శంషాబాద్ డ్రైవర్లకు, హోటళ్ల వాళ్లకు, లాడ్జీల వాళ్లకు: ఎవరు మొదటిసారి పోతున్నారో, ఎవరు బోరుమనే కుటుంబంతో కార్గో గేటు వెతుక్కుంటున్నారో అందరికన్నా ముందు గుర్తుపట్టేది మీరే. మీ కౌంటర్ దగ్గర, మీ బండిలో ఈ వివరాలు తెలుగులో ఒక కాగితం మీద అంటించండి. ఉచిత అంబులెన్సు ఉందని ఒక్క మాట చెప్పండి. రాత్రంతా ఎదురుచూసే కుటుంబానికి కూర్చోను చోటు, తాగను నీళ్లు ఇవ్వండి.

హైదరాబాద్‌లోని లాయర్లకు, టీచర్లకు, కాలేజీ పిల్లలకు, రిటైరైన ఉద్యోగులకు: ఈ సంఘాలకు చందా కన్నా ముందు మీ చదువు కావాలి. నెలలో ఒక పూట ఇవ్వండి. ఇంగ్లీషులో, అరబ్బీలో ఉన్న ఒప్పందాన్ని తెలుగులో చదివి చెప్పేవాళ్లు కావాలి. అరబ్బీ వచ్చిన పాతబస్తీ మిత్రుల సాయం ఇక్కడ ఎంతో విలువైనది. రాయబార కార్యాలయానికి ఉత్తరం రాసేవాళ్లు, ఎక్స్‌గ్రేషియా దరఖాస్తు నింపేవాళ్లు, ఆ ఫైలు కలెక్టరేట్‌లో ఎక్కడుందో కనుక్కునేవాళ్లు కావాలి. వేతనం ఎగ్గొట్టిన కేసుల్లో తోడుండే లాయర్లు కావాలి. కరోనా కాలంలో రెండు జతల బట్టలతో తిరిగొచ్చి, రావలసిన జీతాలు అక్కడే వదులుకున్నవాళ్లు మన జిల్లాల్లో ఎందరో. ఆ బాకీ అడిగే హక్కు వాళ్లకు ఉంది.

విమానాశ్రయ యాజమాన్యానికి, ప్రభుత్వానికి: బయలుదేరే చోట, దిగే చోట, కార్గో గేటు దగ్గర తెలుగులో మాట్లాడే సహాయకులు ఇరవైనాలుగు గంటలూ ఉండాలి. గల్ఫ్ విమానాలు ఎక్కువగా రాత్రుళ్లు కదులుతాయి. ఆఫీసు వేళల్లో మాత్రమే దొరికే సాయం వాళ్లకు అక్కరకు రాదు. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా పేరుతో ప్రత్యేక శాఖ పెట్టుకుంది. మన దగ్గరా సలహాల దశ దాటి, సొంత నిధి, సొంత సిబ్బంది ఉన్న వ్యవస్థ రావాలి. ప్రవాసీ బీమా సహజ మరణాలకూ వర్తించాలి. 1983 చట్టం స్థానంలో కొత్త చట్టం తేవడానికి కేంద్రం 2025లో ముసాయిదా బయటపెట్టింది. అందులో కార్మికుడి మాటకు, కార్మిక సంఘం మాటకు ఎంత చోటు దక్కుతుందో మన ఎంపీలను అడగాలి.

చివరగా గల్ఫ్ పోయి వచ్చినవాళ్లకు ఒక మాట. మీరు పడ్డది మీరే చెప్పాలి. మీ ఊళ్లో పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టిన కుర్రాణ్ని ఇంటికి పిలిచి కూర్చోబెట్టి చెప్పండి. దగ్గర్లోని గల్ఫ్ సంఘంలో పేరు రాయించుకోండి. సంఘం లేకుంటే నలుగురు కలిసి పెట్టుకోండి. వేతనాల కోత వెనక్కి పోయినా, ఎక్స్‌గ్రేషియా వచ్చినా, కదిలింది మీలాంటి నలుగురు నలుగురే. ఆ సంఖ్య పెరగాలి. శంషాబాద్‌లో, హైదరాబాద్‌లో ఉన్న మనం ఈ నెల నుంచే మన పూట మనం ఇద్దాం. ఎవరికి ఏం చేతనైతే అది చేస్తామని ఆయా సంఘాలకు ఫోన్ చేసి చెబుదాం. చెప్పిన మాట నిలబెట్టుకుందాం.